పిచ్చుక దాచిన సగం

ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనపడదు. పిల్లలకు ఆమె గంటెత్త. సాయంత్రం నాలుగయ్యేసరికి వంటగది గుమ్మంలో నిలబడి, స్టీలు పళ్లేన్ని గంటెతో ఠంగు ఠంగుమని మూడుసార్లు కొడుతుంది. ఆ చప్పుడికి ముప్పై నాలుగు మంది పిల్లలు ఎక్కడివక్కడ వదిలేసి చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గర తోసుకుంటారు. మొదట్లో ‘గంటె అత్త’ అనేవాళ్లు. నోళ్లలో నలిగి నలిగి అది గంటెత్త అయింది. ఇప్పుడు పాలు పోసేవాడు కూడా అలాగే పిలుస్తున్నాడు.

ఆ పిల్లల కేంద్రం బస్సు డిపోకు ఎదురుగా ఉంది. ఒకప్పుడు అది టైర్ల గోదాము. గోడలకు పసుపు రంగు వేసి, ఏనుగు బొమ్మలు గీశారు కానీ, ఎండ ముదిరిందంటే గోడల్లోంచి రబ్బరు వాసన ఇప్పటికీ వస్తుంది. బడి వదిలాక, అమ్మానాన్నల డ్యూటీలు దిగేదాకా పిల్లలు అక్కడే ఉంటారు. హోంవర్కులు చేసుకుంటారు, కొట్టుకుంటారు, ఏడుస్తారు, కిటికీల్లోంచి బస్సులు లెక్కపెడతారు.

ఇక్కడికి రాకముందు గంటెత్త ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పందొమ్మిదేళ్లు వండింది. “మూడొందల మంది పెద్దవాళ్లకు వండటం తేలికమ్మా. వాళ్లు తిట్టుకుంటూనైనా తింటారు. పిల్లలు తిట్టరు, తినరు” అనేది. అయినా ఈ పనే ఆమెకు నచ్చింది. పెద్దవాళ్ల మొహాల్లో తిండి తిన్నాక ఏ తేడా కనపడదు. ఇక్కడ కనపడుతుంది. మూడున్నరకు జుట్లు పట్టుకున్నవాళ్లు నాలుగున్నరకు పక్కపక్కన కూర్చుని ఒకే రంగు పెన్సిలు పంచుకుంటారు. మధ్యలో జరిగిందల్లా ఒక అరటిపండు.

ఆ సంగతి ఆమెకు చెప్పినవాళ్లెవరూ లేరు. చూసి చూసి తెలుసుకుంది. అందుకే, ఆ ఏడాది కేంద్రం మేడమ్ రెండు రోజుల శిక్షణకు వెళ్లొచ్చి, గోడకు ఒక పెద్ద చార్టు తగిలించినప్పుడు గంటెత్తకు తన మాటే ఎవరో అచ్చు వేయించి పంపినట్టనిపించింది. ‘పిల్లల మనసుకు మేలు చేసే చిరుతిళ్లు’ అని పైన పెద్ద అక్షరాలు. కింద బొమ్మలు: అరటిపండు, ఉడికించిన గుడ్డు, శనగలు, పెరుగు, అక్రోట్ పప్పు, వేరుశనగలూ ఖర్జూరాలూ దంచి చుట్టిన ఉండ. ఒక్కొక్క బొమ్మ పక్కన ఒక్కొక్క మాట. ఉత్సాహం. ప్రశాంతత. ఏకాగ్రత. ఆనందం.

“ఇకనుంచి బిస్కెట్ ప్యాకెట్లూ, రంగు నీళ్లూ బంద్ పెద్దమ్మా. ఈ ప్రకారమే రోజుకొకటి పెడదాం, సోమవారం గుడ్డు, మంగళవారం అరటిపండు, అలా. తిన్నాక ఒక్కొక్కళ్ల మొహం చూసి ఈ పుస్తకంలో ముద్ర వేయండి” అంది మేడమ్. మూడు రబ్బరు ముద్రలిచ్చింది. నవ్వే మొహం, మామూలు మొహం, ఏడుపు మొహం.

మొదటి వారం పిల్లలు శనగల్ని పళ్లేల్లోంచి పళ్లేల్లోకి గోళీల్లా దొర్లించారు. అక్రోట్ పప్పును చూసి, “ఇది చిన్న మెదడులా ఉంది, ఛీ” అన్నాడు గుండు అనే పిల్లాడు. వండింది పారబోయడం గంటెత్తకు చేతకాదు. రెండో వారం ఆమె కొత్త ఎత్తు వేసింది. చార్టు కింద నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, సంతలో మందులమ్మేవాడిలా గొంతు సాగదీసింది.

“రావాలి బాబూ రావాలి! అరటిపండు తిన్నారా, బెంగ బస్సెక్కి పోతుంది! గుడ్డు తిన్నారా, ఏడుపు గోడ దూకి పరార్! ఈ మెదడుకాయ నమిలితే ఎంత దిగులున్నా సరే, లేచి గంతులేస్తారు! ఆలసించిన ఆశాభంగం, మించిన తరుణం దొరకదు!”

పిల్లలు పడీ పడీ నవ్వారు. నవ్వుతూ తినేశారు. ఆ రోజునుంచి అది రోజూ జరిగే వేడుకైపోయింది. ఒక్కరోజు మానేస్తే, “గంటెత్తా, మందు చెప్పలేదు!” అని గోల చేసేవాళ్లు. పుస్తకంలో నవ్వు మొహాలు వరసగా పడ్డాయి. మేడమ్ ఆ పుస్తకాన్ని పైవాళ్లకు చూపించి వచ్చి, “అంతా మీ చలవే పెద్దమ్మా” అంది. గంటెత్త ఆ మాటను ఇంటికి తీసుకెళ్లి కూతురికి రెండుసార్లు చెప్పింది.

ఒక్క వరస మాత్రం నవ్వలేదు. అది పిచ్చుకది.

పిచ్చుకకు ఎనిమిదేళ్లు. ఆ పేరు గంటెత్త పెట్టిందే, ముక్కున కరుచుకున్నట్టు కొంచెం కొంచెం కొరుకుతుందని. తండ్రి డిపోలో మెకానిక్కు. రెండు నెలల కిందటే చేర్చాడు. ఆ పిల్ల ఎవరితోనూ గొడవ పడదు, ఏదీ అడగదు. కిటికీ వైపు చివర కూర్చుంటుంది. గంటెత్త మందు చెబుతున్నంతసేపూ మిగతా పిల్లలంతా నవ్వుతుంటే, ఆ పిల్ల మాత్రం పాఠం వింటున్నట్టు కళ్లార్పకుండా వినేది. ఒకసారి చార్టు దగ్గర నిలబడి పెదవులు కదుపుతూ చదువుకోవడం గంటెత్త చూసింది. చదువు మీద శ్రద్ధ కాబోలనుకుని మురిసిపోయింది.

ఏది పెట్టినా పిచ్చుక సగమే తినేది. సరిగ్గా సగం. గుడ్డయినా, ఉండయినా. పళ్లెం మాత్రం ఖాళీగా తెచ్చి ఇచ్చేది. మిగతా సగం నెమ్మదిగా తింటుందనుకుంది గంటెత్త. ముద్ర వేసేటప్పుడు ఆ పిల్ల మొహం వంక చూసి కాసేపు ఆగేది. ఏడవట్లేదు, నవ్వట్లేదు. మామూలు మొహం వేసేసేది. లోపల చిన్న పట్టుదల కూడా పెరిగింది. ఈ ఒక్క వరసలో నవ్వు మొహం వేసేదాకా తన పని పూర్తయినట్టు కాదని. కొన్నిరోజులు ఆ పిల్లకు ఎవరూ చూడకుండా ఒక ఉండ ఎక్కువ పెట్టింది. పిచ్చుక తల ఊపి తీసుకుంది. ఆ కళ్లలో మెరుపు చూసి గంటెత్త గర్వపడింది.

ఒక బుధవారం హాల్లో కంపు మొదలైంది. ఎలుక చచ్చిందేమోనని మూలలన్నీ వెతికారు. చివరికి వాసన సంచుల అరల దగ్గరికి లాక్కెళ్లింది. మేడమ్ ఒక్కొక్క సంచీ తీసి చూసింది. పిచ్చుక సంచిలో పెన్సిళ్లు పెట్టుకునే రేకు డబ్బా ఒకటి ఉంది. అది తెరవగానే చుట్టూ ఉన్న పిల్లలు ముక్కులు మూసుకుని వెనక్కి దూకారు.

కాగితంలో చుట్టిన సగం గుడ్డు, పచ్చగా మారి ఉంది. నల్లబడిన అరటిపండు ముక్క. బూజు పట్టిన రెండు ఉండ ముక్కలు. కాగితం మడతలో పదకొండు అక్రోట్ పలుకులు, ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు.

“కుళ్లు పిచ్చుక!” అన్నారెవరో. నవ్వులు. పిచ్చుక ఏడవలేదు. మేడమ్ చేతిలోంచి డబ్బా లాక్కుని గుండెకు హత్తుకుంది. ఆ కంపు తనకు తెలియనట్టే నిలబడింది.

“నాకొదిలేయండి మేడమ్” అని గంటెత్త ఆ పిల్లను వంటగదిలోకి తీసుకెళ్లింది. బోర్లించిన బకెట్టు మీద కూర్చోబెట్టి, ముందు ఒక పళ్లెం నిండా బఠానీ కాయలు పోసింది. ఇద్దరూ ఒలవడం మొదలుపెట్టారు. కొంతసేపు గింజలు గిన్నెలో పడే చప్పుడే.

“ఇంట్లో తమ్ముడున్నాడా?” అంది గంటెత్త, కాయల మీదనుంచి తల ఎత్తకుండా.

“లేడు.”

“కుక్కపిల్లను పెంచుతున్నావా?”

“లేదు.”

ఇంకో నాలుగు కాయలు అయ్యాయి.

“అమ్మకి” అంది పిచ్చుక.

గంటెత్త చేతులు ఆగాయి.

“అమ్మ లేవట్లేదు. గోడవైపు తిరిగి పడుకుంటుంది. స్నానం కూడా చెయ్యదు. నేను రోజూ పెడుతున్నా. ఒక్కోరోజు తింటుంది. ఒక్కోరోజు తినదు. తిననివి దాచి మర్నాడు పెడతా.” పిల్ల గొంతు తగ్గింది. “గంటెత్తా, గుడ్డు సోమవారమే తినాలా? నేను రోజులు కలిపేశా. అందుకే పని చెయ్యట్లేదా?”

గంటెత్త బఠానీల గిన్నె పక్కకు జరిపింది.

“జ్వరమా అమ్మకి?”

“కాదు. నాన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు. అడిగితే ఊరెళ్లిందని చెప్పమన్నాడు. నువ్వు ఎవరికీ చెప్పవుగా?”

“చూడు తల్లీ...” గంటెత్త బకెట్టు పక్కన గచ్చు మీద కూలబడింది. “నేను అదంతా ఊరికే సరదాకి అన్నాను. మీరు తింటారని.”

“చార్టులో కూడా ఉంది. ఆనందం అని రాసుంది.”

“అది... ఒంటికి బలం వస్తుంది, ఆకలి తీరుతుంది, చిరాకు తగ్గుతుంది, అంతవరకే. అలా మంచం పట్టిన మనిషిని లేపడానికి ఒక్క గుడ్డు చాలదమ్మా.”

“రెండైతే?”

“ఎన్ని పెట్టినా చాలదు. దానికి డాక్టరు కావాలి.”

పిచ్చుక చేతిలో ఉన్న కాయను ఒలవకుండా పళ్లెంలో పెట్టేసింది. “అయితే నువ్వు రోజూ అబద్ధం చెప్పావు” అంది. అరవలేదు, కోపంగా కూడా అనలేదు. లేచి వెళ్లి కిటికీ దగ్గర కూర్చుంది. మర్నాడు పళ్లెం ముందు పెడితే ముట్టుకోలేదు. ఆ మర్నాడూ అంతే. గంటెత్త ఆ రెండు రోజులూ మందు చెప్పలేదు. పిల్లలు అడిగితే గొంతు నొప్పి అంది.

ఇక్కడ గంటెత్త గురించి ఒక సంగతి చెప్పాలి. ఆమె భర్త కట్టడం పనిలో స్లాబు కూలి పోయాడు. అప్పటికి కూతురికి తొమ్మిదేళ్లు. ఆ తర్వాత కొన్ని నెలలు తాను పడుకునే ఉన్నానని గంటెత్తకు తెలుసు. గోడ మీద పెచ్చులూడిన చోటు ఒకటి గుర్తుంది, అది మేకపిల్లలా ఉండేది. మిగతాదంతా చెరిపేసినట్టు పోయింది. ఒకరోజు గుండె రాయి చేసుకుని లేచి క్యాంటీన్ పనికి వెళ్లానని ఎవరు అడిగినా చెప్పేది. అదే నిజమని నమ్మింది కూడా.

ఆ కూతురికి ఇప్పుడు ముప్పై దాటాయి. ఒక పెద్దాసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పని చేస్తుంది. మాట తక్కువ, పని ఎక్కువ మనిషి. తల్లీకూతుళ్లిద్దరే ఒక వాటాలో ఉంటారు. ఆదివారం పొద్దున కూతురు ఆసుపత్రి కోట్లు ఇస్త్రీ చేసుకుంటుంటే గంటెత్త పక్కన కూర్చుని పిచ్చుక సంగతంతా చెప్పింది. చెప్పి, అడిగేసింది.

“ఏమే, అప్పుడు... నేను పడుకునున్న రోజుల్లో... నువ్వేం తినేదానివే?”

ఇస్త్రీ పెట్టె ఆగింది. “ఇన్నేళ్లకి ఇప్పుడెందుకమ్మా?”

“చెప్పవే.”

“నువ్వు వదిలేసింది.” కూతురు కాలరు తిప్పి మళ్లీ రుద్దసాగింది. “పక్కింటివాళ్లు నీకని ఒక కంచం పంపేవాళ్లు. నీ పక్కన పెట్టేదాన్ని. నువ్వు తిన్న రోజు నాకు సంతోషం. తినని రోజు నాకు కడుపు నిండేది. ఏది కావాలని కోరుకోవాలో తెలిసేది కాదు.”

గంటెత్త వేలాడుతున్న కోటు చెయ్యిని సరిచేసింది.

“మరి నేను లేచి పనికెళ్లింది...”

“నువ్వు లేవలేదమ్మా. కింది వాటాలో టైలరు పిన్ని ఉండేది చూడు, ఆవిడ నిన్ను రెక్క పట్టుకుని ఆటోలో పడేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. నువ్వు ఆవిణ్ని నానా మాటలూ అన్నావు. ఏడు నెలలు మాత్రలు మింగావు. తర్వాత పనికెళ్లావు. నీకు నిజంగానే గుర్తులేదా?”

లేదు. ఆ టైలరు పిన్ని ఇల్లు ఖాళీ చేసి వెళ్లేటప్పుడు తాను కనీసం గుమ్మందాకా వెళ్లిందో లేదో కూడా గుర్తులేదు. కూతురు కోటు మడత పెట్టి, “మా దగ్గర రెండో అంతస్తులో మనసు డాక్టరు కూర్చుంటారు. మంగళవారం, శుక్రవారం. ఆ పిల్ల వాళ్ల నాన్నని తీసుకురమ్మను. ఓపీ కౌంటరు దగ్గర చీటీ నేను రాయిస్తా” అంది.

సోమవారం మధ్యాహ్నం గంటెత్త రోడ్డు దాటి డిపోలోకి వెళ్లింది. పిచ్చుకకు మాట ఇవ్వలేదు, ‘చెప్పను’ అనలేదు. కానీ ‘చెబుతాను’ అని కూడా అనలేదు. ఆ సన్నటి సందులోంచే తాను దూరి వెళ్తున్నానని ఆమెకు తెలుసు.

మెకానిక్కు గోతిలో దిగి బస్సు కింద పని చేస్తున్నాడు. పిలిస్తే తల మాత్రం బయటికి పెట్టాడు. సన్నటి మనిషి, నిద్ర లేని కళ్లు. “పాపకేమైనా అయిందా?” అన్నాడు.

“పాపకి కాదు బాబూ. ఇంట్లో...” గంటెత్త గొంతు తగ్గించింది. “మీ ఆవిడ లేవట్లేదంటగా. నేనూ అలాగే పడుకున్నదాన్నే. దానికి మందులున్నాయి. మా అమ్మాయి పని చేసే ఆసుపత్రిలో...”

అతని మొహం మాడిపోయింది. చుట్టూ చూశాడు. పక్క బస్సు దగ్గర ఇద్దరు పనివాళ్లు పానా పట్టుకుని ఇటే చూస్తున్నారు.

“పాప చెప్పిందా మీకు?”

“తిండి దాచి తీసుకెళ్తోంది బాబూ, తల్లికి పెట్టాలని. తను తినట్లేదు.”

“మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు. ఆవిడ పుట్టింటికెళ్లింది.” గొంతు గట్టిగా పెంచి, ఆ ఇద్దరికీ వినపడేలా అన్నాడు. తర్వాత నెమ్మదిగా, పళ్ల మధ్యనుంచి: “మీరు వండిపెట్టేవాళ్లు. వండి పెట్టండి. మా ఇంటి గుట్టు మీకెందుకండీ? రేపటినుంచి పాప రాదు.”

ఆ సాయంత్రం ఐదుకే వచ్చి కూతుర్ని తీసుకెళ్లాడు. పిచ్చుక చెప్పులు వేసుకుంటూ గంటెత్త వంక ఒక్కసారి చూసింది. “చెప్పేశావా?” అంది. గంటెత్త తల ఊపింది. పిల్ల రెండో చెప్పు వేసుకుని తండ్రి వెనక వెళ్లిపోయింది.

విషయం తెలిసి మేడమ్ తలుపు వేసి మరీ కోప్పడింది. “ముందు నాతో అనాలి కదా పెద్దమ్మా! ఇలాంటివాటికి పద్ధతి ఉంటుంది. ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లం. పనివాళ్ల ముందు అడిగితే ఏ మగాడు ఒప్పుకుంటాడు చెప్పండి?” మేడమ్ అన్నది నిజమేనని గంటెత్తకు తెలుసు. బుధవారమే చెప్పి ఉండాల్సింది. పిల్ల ముందు చెడ్డదాన్ని కాకూడదని ఆగింది, చివరికి అందరి ముందూ అయింది.

“ఆ చార్టు తీసేయండి మేడమ్” అంది.

“చార్టేం చేసిందమ్మా? అందులో ఉన్నది మంచి తిండే. పిల్లలు బాగానే తింటున్నారు కదా.”

“తినమనండి. ఆ ఆనందం, ఆ మాటలు మాత్రం వద్దు.”

చార్టు తీయలేదు. గంటెత్త కూడా మళ్లీ ఆ మాట ఎత్తలేదు కానీ, ముద్రలు వేయడం మానేసింది. “వాళ్ల మొహాలు చూసి నాకేం తెలుస్తుంది మేడమ్? తెలిస్తే ఇంతదాకా వచ్చేదా?” అంది. ముద్రలు మేడమే వేసుకునేది, పిచ్చుక వరస ఖాళీగా పడుతూ పోయింది. గంటెత్త రోజుకోసారైనా గేటు వైపు చూసేది. శనగలు ఉడికించేది, గుడ్లు ఒలిచేది, పెరుగు గిన్నెల్లో పోసేది. నాలుగింటికి పళ్లెం కొట్టేది, ఠంగుమని, పిల్లలు వచ్చేవాళ్లు. “గొంతు ఇంకా తగ్గలేదా గంటెత్తా?” అని గుండు అడిగాడు. తగ్గలేదంది.

పదో రోజు మధ్యాహ్నం, పిల్లలు ఇంకా రాకముందు, వంటగది గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టు నీడ పడింది. మెకానిక్కు. చేతులకు గ్రీజు అలాగే ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

“మీ అమ్మాయిది ఏ ఆసుపత్రి అన్నారు?”

గంటెత్త గరిట కింద పెట్టింది. “ఏమైంది బాబూ?”

“పాప పొద్దున బడిలో కళ్లు తిరిగి పడిపోయింది.” అతను గుమ్మం చెక్కను గోటితో గీకుతున్నాడు. “టీచరు ఫోన్ చేసింది. వెళ్తే, ‘ఎన్ని రోజులైంది సరిగా తిని?’ అని నన్నడుగుతున్నారు. నాకేం తెలుసు? నేను పెట్టి డ్యూటీకి వస్తాను. తన కంచంలోది మొత్తం తీసుకెళ్లి వాళ్లమ్మ పక్కన పెడుతోందంట. సగం పెడితే చాలదని ఎవరో చెప్పారంట.”

ఎన్ని పెట్టినా చాలదని, డాక్టరు కావాలని ఆ రోజు గంటెత్తే అంది. ఆ పిల్ల చెవికి చేరింది చాలదన్న మాట ఒక్కటే. డాక్టరన్న మాట ఎటు పోయిందో.

“అది చెప్పింది నేనే బాబూ” అంది. దాచాలనిపించలేదు.

అతను తిడతాడనుకుంది. తిట్టలేదు. “ఇంజను చప్పుడు వింటే చాలు, ఏం పోయిందో చెబుతానండి నేను” అన్నాడు. “ఇంట్లో మనిషికి ఏమైందో నాలుగు నెలలనుంచి తెలియట్లేదు. బద్ధకమనుకున్నా. తిట్టా కూడా. తర్వాత నలుగురికీ తెలిస్తే పిచ్చిదంటారని...” మాట మింగేసి, మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. నుదుటి మీద నల్లటి చార పడింది.

మర్నాడు శుక్రవారం. గంటెత్త మేడమ్‌ను సెలవు అడిగి, అతనితో కలిసి వాళ్లింటికి వెళ్లింది. రెండు గదుల ఇల్లు, శుభ్రంగానే ఉంది. మంచం పక్కన స్టూలు మీద రొట్టె ముక్క, రెండు గుడ్లు, ఒక ఆపిలు పండు, పేర్చినట్టు వరసగా. పిచ్చుక తల్లి గోడవైపు తిరిగి ఉంది. వయసు చిన్నదే. జుట్టు అట్టలు కట్టింది. పిచ్చుక తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

తల్లి లేవనంది. “నన్నొదిలేయండి” అంది. కాసేపటికి ఇంకా పెద్ద మాటలంది. గంటెత్త ఆ మాటలన్నీ విని, ఆమె రెక్క పట్టుకుని లేపి కూర్చోబెట్టింది. చీర సరిచేసింది. చెప్పులు తొడిగింది. ఆటోలో దారి పొడవునా ఆమె తల గంటెత్త భుజం మీద బరువుగా పడి ఉంది. ఆసుపత్రి మెట్ల దగ్గర గంటెత్త కూతురు తెల్లకోటులో ఎదురొచ్చి, రెండో పక్క పట్టుకుంది. ఆ మెట్లెక్కేటప్పుడు గంటెత్త ఒక్కసారి కూతురి మొహం చూసింది. కూతురు మెట్లు చూసుకుంటోంది.

పిచ్చుక తల్లిని ఆసుపత్రిలో మూడు వారాలు ఉంచుకున్నారు. తర్వాత మాత్రలతో ఇంటికి పంపారు. పిచ్చుక మళ్లీ కేంద్రానికి వచ్చింది. గురువారం గురువారం ఒక కౌన్సిలరమ్మ వచ్చి ఆ పిల్లతో అరగంట బొమ్మలు గీయించేలా మేడమ్ ఏర్పాటు చేసింది. పిచ్చుక ఇప్పుడు పళ్లెంలో పెట్టింది మొత్తం తినేది. కానీ గంటెత్త వంక చూసేది కాదు. పళ్లెం అందుకునేటప్పుడు కూడా ఆమె చేతుల్నే చూసేది.

నెలన్నర తర్వాత ఒకరోజు ఉడికించిన శనగల్లో ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి పెడుతుంటే, పిచ్చుక తన పళ్లెం పట్టుకుని కదలకుండా నిలబడింది.

“ఇది తింటే ఏమవుతుంది?” అంది.

వెనక వరసలో పిల్లలు చెవులు రిక్కించారు. మందు మళ్లీ మొదలవుతుందేమోనని గుండు నవ్వు రెడీ చేసుకున్నాడు.

“ఆకలి తగ్గుతుంది” అంది గంటెత్త.

“ఇంకా?”

“నాకు తెలిసి అంతే.”

పిచ్చుక ఆ జవాబును కొంచెంసేపు మనసులో పెట్టుకుని చూసినట్టు నిలబడి, వెళ్లి కూర్చుంది. కొన్నాళ్లకు బఠానీలు ఒలిచే రోజుల్లో తనంతట తానే వంటగదిలోకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకే పళ్లెంలోంచి కాయలు తీసుకుని ఒలిచేవాళ్లు.

అంతా బాగైపోయిందని చెబితే అబద్ధమవుతుంది. తల్లి లేచి వంట చేసిన వారాలున్నాయి, మాత్రలు మానేసి మళ్లీ పడుకున్న వారాలూ ఉన్నాయి. చలికాలంలో రెండోసారి ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. కాకపోతే ఈసారి మెకానిక్కు తానే తీసుకెళ్లాడు, డిపోలో సూపర్‌వైజరుకు ఉన్నమాట చెప్పి సెలవు పెట్టాడు. ఏడాది చివర అతనికి వేరే డిపోకు బదిలీ అయింది.

సామాను వెళ్లే రోజున పిచ్చుకను తీసుకెళ్లడానికి తల్లి వచ్చింది. గేటు బయటే ఆగిపోయింది. చిక్కిపోయి ఉంది, కానీ తల దువ్వుకుంది. పిల్ల లోపల అందరికీ వీడ్కోలు చెబుతుంటే గంటెత్త చేతులు తుడుచుకుంటూ బయటికి వెళ్లింది. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. ఒక బస్సు డిపోలోకి మలుపు తిరిగి వెళ్లింది.

“పాప పెట్టినవేవీ నాకు రుచి తెలిసేవి కావండీ” అంది ఆమె ఉన్నట్టుండి. “గుడ్డో పండో కూడా తెలిసేది కాదు. పక్కన ఏదో పెట్టి వెళ్లిందని మాత్రం తెలిసేది. అడుగుల చప్పుడు వినపడేది.”

గంటెత్త ఆమె వైపు తిరిగింది. “ఆ మాట పాపతో చెప్పావా తల్లీ?”

“ఇంకా లేదు” అంది ఆమె.

లోపల్నుంచి పిచ్చుక సంచీ భుజాన వేసుకుని వచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుంది, గట్టిగా, పెద్దవాళ్లు చిన్నపిల్లల్ని రోడ్డు దాటించేటప్పుడు పట్టుకునేట్టు. రెండు వైపులా చూసి, వాహనాలు లేవని రూఢి చేసుకుని, తల్లిని అవతలికి దాటించింది.